వీపు కండ తియ్యాలా, పక్కన కొవ్వు సరిపోతుందా

అక్కకి ఎడమ రొమ్ములో, చంక వైపు కింది భాగంలో క్యాన్సర్ గడ్డ వచ్చింది. మొత్తం తియ్యక్కర్లేదు, గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇస్తే చాలన్నారు. ఇలా చేసినా మొత్తం తీసేసినా బతికే అవకాశం ఒకటేనని ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ అనే సర్జన్ల బృందాలు 20 ఏళ్లు ఫాలో అప్ చేసి 2002లో చెప్పేశారు కాబట్టి ఆ భయం తీరింది. చిక్కల్లా సైజుతో వచ్చింది. అక్కది చిన్న సైజు, అందులో పావు వంతు పోతుంది. సుమారు 20 శాతం దాటి తీస్తే ఊరికే కుట్టేస్తే కుదరదట, రేడియేషన్ అయ్యాక అక్కడ గుంట పడి చనుమొన పక్కకి లాగేస్తుందట. పెద్ద సైజు వాళ్లకైతే ఉన్నదాన్నే అటూ ఇటూ జరిపి సర్దేస్తారు, మనకా ఛాన్స్ లేదు, బయటి నుంచి తెచ్చి నింపాల్సిందే.

గుంట నింపడానికి రక్తనాళంతో సహా పక్క నుంచి జరిపి తెచ్చే ముక్కని ఫ్లాప్ అంటారు. ఒక డాక్టర్ ఎల్‌డీ ఫ్లాప్ అన్నారు, ఇంకో డాక్టర్ లైకాప్ అన్నారు. ఇంటికొచ్చాక అక్క "నాకు బుర్ర పనిచెయ్యట్లేదు, నువ్వే చదివి చెప్పవే" అని ఫైలు నా ఒళ్లో పడేసింది.

ఎల్‌డీ అంటే లాటిసిమస్ డోర్సీ, వీపు మీద వెడల్పుగా పరుచుకుని ఉండే కండ. దాని రక్తనాళం చంకలోంచి వస్తుంది, ఆ నాళాన్ని తెంపకుండా కండని చంక కిందుగా ముందుకి తిప్పి గుంటలో పెడతారు. 1906లోనే టాన్సిని అనే ఇటలీ సర్జన్ దీని గురించి రాశాడు, అంటే బాగా పాతది, నమ్మకమైనది, రక్తం అందక చచ్చిపోవడం చాలా అరుదు. కానీ వీపులో తీసిన చోట నీరు చేరుతుంది (సిరోమా అంటారు), వారాల తరబడి సూదితో లాగాల్సి రావచ్చు. నరం కోసేస్తే కండ కొన్ని నెలల్లో సన్నబడిపోతుంది, కొయ్యకపోతే రొమ్ములోనే అదురుతుంది. వెయిటింగ్ హాల్లో ఒకావిడ మాకు చూపించింది కూడా, నడుం మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కగానే జాకెట్టు కింద టక్కున కదిలింది. ఆవిడ నవ్వేసింది గానీ అక్క మొహం మాడిపోయింది.

లైకాప్ వేరే రకం. బ్రా పక్కన పొంగుతుంది చూడండి ఒక మడత, మనం రోజూ తిట్టుకునేది, ఆ చర్మం, కొవ్వు మాత్రమే తీస్తారు, కండ ముట్టుకోరు. పక్కటెముకల మధ్య నుంచి పైకొచ్చే సన్నటి నాళాల మీద అది బతుకుతుంది. 2004లో బెల్జియంలో హమ్దీ అనే సర్జన్ వాళ్లు దీన్ని వివరంగా రాశారు. ఇబ్బందేంటంటే అందుబాటు తక్కువ, చంక వైపు గుంటకి బ్రహ్మాండంగా సరిపోతుంది, ఛాతీ మధ్య వైపు పై భాగంలో గుంటైతే అక్కడిదాకా సాగడం కష్టం. బక్కపల్చగా ఉండి ఆ మడతే లేనివాళ్లకి తియ్యడానికి ఏముంటుంది?

ఈ రెండిటికీ మధ్యలో టీడాప్ ఉంది, ఎల్‌డీ నాళమే కానీ కండ లోపల్నుంచి సన్న కొమ్మని ఒలిచి బయటికి తీస్తారు, కాబట్టి కండ అక్కడే ఉండిపోతుంది, దూరం కూడా బాగానే చేరుతుంది. ఓపికతో చెయ్యాల్సిన పని, కొమ్మ మరీ సన్నగా ఉంటే చిన్న కండ ముక్కని కలిపి తీసేస్తారు. అడుగు భాగం గుంటలకి రొమ్ము కింది మడత నుంచి తెచ్చే ఎయ్‌కాప్ ఉంది, మచ్చ ఆ మడతలోనే దాక్కుంటుంది.

నా లెక్క ఇది (డాక్టర్ని కాను, చెల్లెల్ని): పక్క కొవ్వుతో పనైతే వీపు కండని మొదట్లోనే ఖర్చు పెట్టడం ఎందుకు? రేపు ఖర్మ కాలి మళ్లీ వచ్చి రొమ్ము మొత్తం తియ్యాల్సి వస్తే ఆ కండ చేతిలో ఉండాలి కదా. మొదటి డాక్టర్ ఈ ముక్క అసలు ఎత్తలేదు, "మాకు అలవాటైంది ఇదే" అన్నారంతే, అది నాకిప్పటికీ కోపమే.

రెండో డాక్టర్ అక్కని నిలబెట్టి, బ్రా వేసుకునే ఉండమని, దాని అంచుల వెంబడి మార్కర్‌తో గీతలు గీశారు. ఆ మడతని రెండు వేళ్లతో పట్టి ఎంత వస్తుందో చూసి, పెన్ను లాంటి డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే మిషన్) పెట్టి ఆ సన్న నాళాల కోసం వెతికారు. కాసేపు గరగర తప్ప ఏమీ లేదు, తర్వాత ఒక్కసారి శుష్ శుష్ శుష్ అని గుండెతో పాటు కొట్టుకునే చప్పుడు, అక్కడ చుక్క పెట్టారు. ఇంకో రెండు చోట్ల కూడా దొరికింది. ఆపరేషన్లో గడ్డ తీసిన చోట టైటానియం క్లిప్పులు పెట్టారు, రేడియేషన్ వాళ్లకి గుర్తు కోసం. ఫ్లాప్ పై చర్మం పొర ఒలిచి లోపలికి మడిచి నింపారు. మార్జిన్ల మీద (గడ్డ తీసిన అంచుల్లో క్యాన్సర్ మిగిలిందేమోనని) అనుమానం ఉంటే ముందు గడ్డ తీసి, బయాప్సీ రిపోర్టు వచ్చాక రెండో విడతలో నింపుతారట, మాకు ఆ అవసరం రాలేదు.

ఎనిమిది నెలలకి అక్క చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఆ వారం ఇంట్లో ఎవరం సరిగా నిద్రపోలేదు. స్కాన్, సూది పరీక్ష అన్నీ అయ్యాక ఫ్యాట్ నెక్రోసిస్ అని తేలింది, రక్తం సరిగా అందని కొవ్వు ముక్క గట్టిపడిందంతే. ఫ్లాప్ చేయించుకునేవాళ్లకి ఇలా రావచ్చని ముందే చెప్తే సగం ఏడుపు తగ్గేది.

ఇప్పుడు రేడియేషన్‌కి కొంచెం కుంచించుకుంది, జాకెట్టులో తేడా తెలీదు. మచ్చ నిజంగానే బ్రా పట్టీ కిందే పడింది, వీపు వైపు కొసలో మాత్రం చిన్న ముడతలా లేచింది, డాగ్ ఇయర్ అంటారట, లోకల్ అనస్థీషియాలో పది నిమిషాల్లో తీసేస్తానంటున్నారు డాక్టర్. అక్క మాత్రం "ఇంకో సూదా? అది నా వెనకాలే ఉంది, చూసేది మీరేగా, మీరే తట్టుకోండి" అంటోంది.