గోడకు తగలకుండా బ్యాటు తిప్పడం: మావాడి బేస్‌బాల్ స్వింగ్‌తో నా అనుభవం

మావాడికి పదకొండేళ్లు. అనంతపురంలో ఆ వయసు పిల్లలందరిలాగే వాడికీ నడక వచ్చినప్పటి నుంచి క్రికెట్టే. బ్యాటు పట్టడం నేర్పింది నేనే. జూన్‌లో బడి తెరిచాక పీఈటీ సారు వాణ్ణి బేస్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. మొదటి ప్రాక్టీసు మ్యాచ్ చూడ్డానికి పోయాను. రెండు బంతులు పోయాక మూడోది బ్యాటు అంచుకు తగిలి వెనక్కి, ఫైన్ లెగ్ వైపు పోయింది. మావాడు బ్యాటు చేతిలో పట్టుకునే ఫస్ట్ బేస్‌కు, అంటే కొట్టాక ముందుగా చేరాల్సిన చోటికి, పరుగు తీశాడు. క్రికెట్‌లో అయితే నాలుగు పరుగులు. ఇక్కడ ఫౌల్. బ్యాటర్ పక్కన నేలమీదుండే పలక, అదే హోం ప్లేట్, నుంచి ఫస్ట్, థర్డ్ బేస్‌ల వైపు గీసిన రెండు గీతల మధ్య, తొంభై డిగ్రీల లోపలే కొట్టాలి. పరుగెత్తేటప్పుడు బ్యాటు అక్కడే వదిలేయాలి.

"నాయనా, నాకు రాదులే ఈ ఆట" అన్నాడు ఇంటికొస్తూ. ఆ మాటే నన్ను కూర్చుని ఆలోచించేలా చేసింది.

క్రికెట్‌లో వికెట్ల మధ్య దూరం 66 అడుగులు, బంతి నేల మీద పడి లేస్తుంది. బేస్‌బాల్‌లో పెద్దలకు హోం ప్లేట్ నుంచి పిచ్చర్ (బంతి విసిరేవాడు) నిలబడే చోటికి దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు చాలాచోట్ల 46 అడుగులే పెడతారు. బంతి గాల్లోంచి నేరుగా వచ్చేస్తుంది, పిచ్ అయ్యేదాకా చూద్దామనే వెసులుబాటు లేదు. ఇంకొకటి, నేను పొరబడింది. "టాప్ హ్యాండ్ సరిగా పని చేయడం లేదు" అని సారు చెబితే రెండు వారాలు వాడి ఎడమ చెయ్యి దిద్దాను. కుడిచేతి బ్యాటర్‌కు క్రికెట్‌లో పై చెయ్యి ఎడమదే కదా. కానీ బేస్‌బాల్‌లో బ్యాటును భుజం పక్కన నిలువుగా ఎత్తి పట్టుకుంటారు, కాబట్టి అక్కడ టాప్ హ్యాండ్ అంటే కుడి చెయ్యి. పట్టు మారలేదు, పేరు తలకిందులైంది. క్రికెట్ నుంచి పిల్లల్ని తెచ్చే ప్రతి తల్లీ తండ్రీ ఇది ముందే తెలుసుకోవాలి.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే అసలు తప్పు కనపడింది. గాలం విసిరినట్టు చేతులు రెండూ ముందే చాపేసి, బ్యాటును పెద్ద చుట్టు తిప్పి తెస్తున్నాడు. అది వచ్చేసరికి బంతి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) చేతిలో ఉంటోంది. దానికి సగం కారణం బ్యాటు. జట్టుకున్న ఒకే బ్యాటు 33 అంగుళాలది, వాడి ఒంటికి పెద్దది. ఒంటిచేత్తో పక్కకు చాచి పట్టుకోమంటే ఇరవై సెకన్లు కూడా నిలపలేక వాల్చేశాడు. కొత్తది కొనేదాకా పిడి మీద రెండు అంగుళాలు పైకి పట్టుకోమన్నాను. పిడిని అరచేతిలోకి కాకుండా వేళ్లలో ఇమిడ్చి పట్టించాను. తేడా ఆ సాయంత్రమే తెలిసింది.

మిగతా సగం గోడ దిద్దింది. పిడి చివర బొడ్డుకు ఆనించి, బ్యాటు కొన గోడకు తగిలేంత దూరంలో గోడకు ఎదురుగా నిలబడాలి. అక్కడి నుంచి బంతి లేకుండా స్వింగ్ చేయాలి. చేతులు ముందే చాపితే కొన గోడకు తగులుతుంది. మోచేతులు మడిచి, చేతుల్ని ఛాతీకి దగ్గరగా తెస్తే తగలదు. ప్రహరీ గోడకు పాత బొంత వేలాడదీశాం. మొదటి రోజు ఇరవైలో పదిహేడు తగిలాయి. మా అమ్మ వసారాలో కూర్చుని చప్పుడు విని లెక్కపెట్టేది. "జేజీ, ఎన్ని?" అని ప్రతిసారీ వాడు అడగడం, ఆమె ఒక్కటి కూడా తగ్గించకుండా చెప్పడం.

వారమైనా పది దగ్గరే ఆగిపోయింది. చేతుల గురించి ఎంత చెప్పినా లాభం లేదు, కాళ్ల దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. ముందు కాలు ఎత్తి మెల్లగా నేలకు ఆనించాలి, బరువు వెనక కాలి మీదే ఉంచాలి, అక్కడ "ఆగు" అంటాను. ఆగాక నడుము తిరగాలి, బొడ్డు పిచ్చర్‌ను చూడాలి, చేతులు దాని వెంటే రావాలి. అలా ఆగి కొట్టడం మొదలుపెట్టిన ఐదో రోజు బొంత కదల్లేదు. జేజి "నిద్రపోతాండావేమిరా" అంది. వాడి ముఖం నేను మరిచిపోను.

బంతిని నిలబెట్టి కొట్టే స్టాండ్, ఆటలో దాన్ని టీ అంటారు, ఇంట్లోనే చేశాం. డ్రిప్ పనిలో మిగిలిన పీవీసీ పైపు ముక్క, ఇసుక నింపిన పెయింట్ బకెట్, పైన బంతి కూర్చునేలా సైకిల్ ట్యూబు చుట్ట. ఎదురుగా దోమతెర రెండు మడతలు. ఆషాఢం గాలికి పైపు మీద ప్లాస్టిక్ బంతి నిలిచేది కాదు, పాత సాక్సులు చుట్టి టేపు వేసిన ఉండలతో పని జరిపాం. తర్వాత నేను పక్క నుంచి, బ్యాటు అందనంత ఎడంగా మోకాలి మీద కూర్చుని బంతులు విసిరేవాణ్ణి. ప్రతి బంతి మీద ఎర్ర చుక్కో నీలం చుక్కో పెట్టాం. కొట్టే ముందు రంగు చెప్పాలి. తల ముందే లేచిపోయే అలవాటు దీంతోనే తగ్గింది.

ఒక ఆదివారం ఉత్సాహంలో నూట యాభై కొట్టించాను. చేతులు బొబ్బలెక్కాయి, మర్నాడు పాత గాలం విసురు తిరిగొచ్చింది. అప్పటినుంచి రోజుకు అరవై దాటనివ్వను.

చుట్టాలు అడుగుతుంటారు, క్రికెట్ మానేసి ఇదెందుకని. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో రెండూ ఉన్నాయని చెబుతాను. నిజానికి వాడు క్రికెట్ మానలేదు, ఆదివారం సాయంత్రాలు ఇప్పటికీ ఆడతాడు.

ఇప్పుడు మా తలనొప్పి బయటి బంతి. ఒంటికి దూరంగా వచ్చేదాన్ని కూడా మావాడు ముందే అందుకోబోయి ఎడమవైపు లాగుతున్నాడు, అది థర్డ్ బేస్ వైపు నేలమీద దొర్లుతోంది. దాన్ని ఇంకాస్త లోపలికి రానిచ్చి కుడివైపు కొట్టాలి. అందుకని బకెట్‌ను ప్లేటు అవతలి అంచుకు, వెనక కాలి వైపుకు జరిపాం. నిన్న పదిలో నాలుగు కుడివైపు పోయాయి. రేపు ఇంకో రెండంగుళాలు వెనక్కి జరిపి చూడాలి.