ఉచిత సలహా ఇవ్వని ఆరు నెలలు

ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, పసిబిడ్డలున్న ఇళ్లకు వాలంటీరుగా వెళ్లి కాస్త సాయం చేయడానికి శిక్షణ దేనికి అనుకున్నాను. దరఖాస్తు, నా గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, పోలీసు వెరిఫికేషన్, ఇంటర్వ్యూ... ఇవన్నీ అయ్యేసరికే రెండు నెలలు పట్టింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి కొత్త మనిషిని పంపేటప్పుడు ఆ మాత్రం చూడాలి లెండి.

1973లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మార్గరెట్ హారిసన్ మొదలుపెట్టిన, చిన్నపిల్లలున్న కుటుంబాలకు వాలంటీర్లను పంపే సంస్థ హోమ్‌స్టార్ట్ గురించి మొదటిరోజే చెప్పారు. అక్కడి వాలంటీర్లూ నాలాగే పిల్లల్ని పెంచినవాళ్లే అనగానే నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. ఆ వెంటనే ఒక ఆట పెట్టారు. ఒకరు తమ కష్టం చెప్పాలి, రెండోవారు ఐదు నిమిషాలు సలహా ఇవ్వకుండా వినాలి. నలభై సెకన్లు కాకముందే "మా రోజుల్లో అయితే..." అనేశాను. అందరూ నవ్వారు.

నియమాలు కొన్నే. వారానికి రెండు గంటలు. మందులు, డబ్బు ఇవ్వకూడదు. విన్నది బయట చెప్పకూడదు. తల్లికో బిడ్డకో ప్రమాదం అనిపిస్తే మాత్రం దాచకూడదు, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పి ఉండాలి.

నాకు అప్పజెప్పిన ఇంట్లో ఆమెకు 20, అతనికి 22, పాపకు ఆరు వారాలు. మొదటిసారి వెళ్తే తలుపే తీయలేదు. లోపల పాప ఏడుపు మాత్రం వినిపిస్తోంది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. మమ్మల్ని ఇళ్లకు పంపే కోఆర్డినేటర్ మాత్రం "ఇల్లు సర్దలేదని సిగ్గేమో. వచ్చేవారం అదే టైముకి వెళ్లండి" అంది. రెండోసారి తలుపు ఓరగా తెరుచుకుంది.

పాపను అందుకోబోయి ఆగిపోయాను. నా చేతుల్లో ఊరుకుందంటే, 'నా దగ్గర ఊరుకోదు' అని ఆ తల్లి మనసులో రాసేసుకుంటుంది. అందుకని బట్టలు మడతపెట్టాను, సీసాలు కడిగాను. పాప ఆమె ఒడిలోనే ఉంది, ఏడుస్తూనే ఉంది. ఆ గంటన్నర నాకు ఎంత పొడుగ్గా అనిపించిందో!

ఇంకో రెండు వారాలకు నా వైపు చూడకుండానే అంది, "రాత్రి ఒక్క క్షణం దీన్ని విసిరేయాలనిపించిందక్కా."

ఇక్కడ నోరు విప్పాల్సిందే. రెండు వారాల వయసులో మొదలైన ఏడుపు రెండో నెలలో బాగా పెరుగుతుందని, తర్వాత మెల్లగా తగ్గుతుందని, కడుపు నిండినా, ఒంట్లో బాగానే ఉన్నా ఏడ్చే బిడ్డలుంటారని చెప్పాను. కోపం ఆగకపోతే పాపను దాని పక్కలో వెల్లకిలా పడుకోబెట్టి అవతలి గదిలోకి వెళ్లమన్నాను. కాసేపు ఏడిస్తే ఏమీ కాదు. మెడ నిలవని బిడ్డను పట్టి కుదిపితే మెదడులో రక్తస్రావం అవుతుంది.

"ఇది నేను కోఆర్డినేటర్‌కు చెప్పాలి. మొదటిరోజు అన్నాను, గుర్తుందా?"

ఆమె మొహం పాలిపోయింది. "పాపను తీసుకెళ్లిపోతారా?"

కోఆర్డినేటర్ ఆ సాయంత్రమే వచ్చింది. మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో స్కేలు ఇచ్చారు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టే ప్రశ్నల కాగితం అది. పది ప్రశ్నలు, అన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. నింపి ఇచ్చేశాక నెమ్మదిగా అంది, "మంచి తల్లివేనా అని ఎక్కడా అడగలేదక్కా." చికిత్స మొదలైంది. వెంటనే అంతా మారిపోలేదు. కొన్ని వారాలు ఇద్దరం మాట్లాడకుండా బట్టలు మడతపెట్టిన రోజులే.

పాప తండ్రి గురించి నేను తొందరపడ్డాను. గదిలోంచి బయటికి రాడేమిటని విసుక్కునేదాన్ని. ఒకరోజు "స్నానం ఎలా చేయించాలో నాకెవరూ చూపించలేదండీ" అన్నాడు. అడగకపోవడం నా తప్పే.

చివరిసారి వెళ్లినప్పుడు పాప నేలమీద బోర్లాపడి ఏదో నోట్లో పెట్టుకోబోతోంది. ఆమె చూసి తీసేసింది. పాప తుమ్మింది. నేను నోరు తెరిచి, మూసుకున్నాను.

ఆమె పకపకా నవ్వింది. "చెప్పండక్కా, ఇవాళ ఒక్కరోజుకి పర్మిషన్."

చెప్పాను, అరగంటసేపు.