ఈస్పోర్ట్స్ అకాడమీలో ఫీజు కట్టేముందు

భీమవరం, కాకినాడ, రాజమండ్రి వైపు పిల్లల్ని ఈస్పోర్ట్స్ (పోటీలుగా ఆడే వీడియో గేములు) కోచింగ్‌లో చేర్చేవాళ్లకి ఒక మాటండి. ఏసీ, రంగుల లైట్లు చూసి పడిపోకండి. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ నేర్పుతామంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూడండి. 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మారే) మానిటర్ కొనేసి 60లోనే వదిలేసేవాళ్లున్నారు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి (గేమ్ బొమ్మల్ని తయారుచేసే భాగం) కాక మదర్‌బోర్డుకి గుచ్చారేమో వెనక్కి వంగి చూడండి. నెట్ రద్దీగా ఉండే రాత్రిపూట ముంబై సర్వర్‌లో ఒక మ్యాచ్ ఆడించండి. పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే టైము) కాస్త ఎక్కువైనా నిలకడగా ఉంటే అలవాటు పడొచ్చు. ప్యాకెట్ లాస్ (డేటా దారిలోనే పోవడం) ఉంటే మాత్రం ఎంత గురి ఉన్నా దండగే. రౌటర్‌కి కూడా యూపీఎస్ ఉందా? గాలివాన వస్తే మన గోదావరి జిల్లాల్లో కరెంటు సంగతి తెలిసిందేగా.

అసలు సరుకు కోచే. పిల్లలు ఓడిన మ్యాచ్ రికార్డింగ్ పెట్టి, ఆ రౌండ్ ఎందుకు పోయిందో చెప్పమనండి. "ఎయిమ్ చాల్లేదు" అని ఊరుకుంటే లేచొచ్చేయండి. స్మోక్ (ఎదుటివాళ్లకి కనపడకుండా అడ్డేసే పొగ) తొందరపడి వేశారా, ముందెళ్లినవాడు పడ్డాక వెనకవాడు వెంటనే ఎందుకు కొట్టలేదు, ఇవి చెప్పాలి.

ఏడాది ఫీజు ఒకేసారి వద్దు, నెలనెలా కట్టండి. ఏ గేమ్ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం: బీజీఎంఐ అనే మొబైల్ గేమ్ మన దేశంలో 2022 జులైలో ఆగి, 2023 మేలో గానీ మళ్లీ రాలేదు మరి.