ఒంటికి చెప్పుకునే మాటలు

మా కోనసీమ వాళ్లం ఎదుటివాళ్లతో ఎంత మర్యాదగా మాట్లాడతామో మాతో మేము అంత మోటుగా మాట్లాడుకుంటాం. పక్కింటి పిల్లాడు పరీక్ష తప్పితే "పర్లేదు బాబూ, మళ్లీ రాద్దువుగాని, ముందు అన్నం తిను" అంటాం. కొబ్బరి దింపుకొచ్చిన ఆయన్నైనా, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడినైనా "అండి" పెట్టే పిలుస్తాం. అదే మనకి మోకాలు నొప్పొచ్చినా, షుగరు పెరిగినా, డాబా మెట్లెక్కితే ఆయాసమొచ్చినా మాత్రం "నా మొహం, నాకెక్కడ తగ్గుద్ది", "నా ఖర్మ ఇంతే", "ఈ ఒళ్లింక పనికిరాదు" అనేస్తాం. రోజుకెన్నిసార్లు అనుకుంటామో లెక్కుండదు, అనుకున్నట్టు కూడా తెలీదు. ఇదే మాట మన గురించి మన తోడికోడలు అనుంటే ఏడాదిపాటు ఆవిడతో మాటలుండవు.

విచిత్రం ఏంటంటే మాటకున్న బలం గురించి మనకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. తథాస్తు దేవతలుంటారు, సందెవేళ చెడ్డమాట అనకూడదు అని అమ్మమ్మలు నోరు మూయించారు. తుమ్మితే చిరంజీవ అన్నారు. శుభం పలకరా మంకెన్నా అని సామెతే ఉంది. కానీ ఆ జాగ్రత్తంతా పైకి అనే మాటలకే, లోపల సణుక్కునేదాన్ని ఏ అమ్మమ్మా ఆపలేదు.

ఇప్పుడు ఈ లోపలి మాటల సంగతి అఫర్మేషన్లు, అంటే మనకి మనం పదేపదే చెప్పుకునే మంచి మాటలు, అనే పేరుతో ఫోన్లోకి వచ్చింది. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో సూర్యుడి బొమ్మ, దాని మీద "నేను సంపూర్ణ ఆరోగ్యవంతుణ్ణి, నా ప్రతి కణం ఆనందంతో నిండి ఉంది". అద్దం ముందు నిలబడి రోజూ అనమని కింద రాస్తారు. నాకు షుగరని తెలిసిన కొత్తలో మా మరిదిగారి అబ్బాయి నా మీద ప్రేమతో అలాంటివి బోలెడు పంపాడు. అన్నాను కూడా. "నేను సంపూర్ణ ఆరోగ్యవంతురాలిని" అనగానే లోపల్నుంచి ఇంకో గొంతు "అయితే ఆ ఫ్రిజ్ మీద బిళ్లలు ఎవరివమ్మా?" అని అడిగేది. ఆ గొంతుకి నా దగ్గర సమాధానం లేదు.

ఇది నా ఒక్కదానికే కాదు. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో జోఆన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఇంకొంతమందితో కలిసి 2009లో ఒక పరిశోధన అచ్చువేశారు. కొంతమంది చేత "నేను ప్రేమించదగ్గ మనిషిని" అనే వాక్యం పదేపదే అనిపించారు. అప్పటికే తమ మీద తమకి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకి కాస్త బాగానే అనిపించింది. తమ మీద తమకి నమ్మకం తక్కువున్న వాళ్లకి మాత్రం, అంటే ఆ మాట నిజంగా అవసరమైన వాళ్లకి, అది అన్నాక ఇంకా దిగులేసింది. ఎందుకంటే అన్న ప్రతిసారీ "కాదు" అనే సాక్ష్యాలు మనసు తీసి ముందు పెడుతుంది. ఆకలేసినవాడి చేత కడుపు నిండిందని అనిపిస్తే ఆకలి గుర్తుకొస్తుందే తప్ప తగ్గదు కదా.

అలాగని ఇదంతా బూటకం అనేసే వాళ్లతోనూ నాకు పేచీయే. ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన ఎమీల్ కూయే (1857–1926) అనే ఫ్రాన్సు దేశస్థుడు స్వాములవారేం కాదు, మందుల షాపు నడుపుకున్న మనిషి. మందు చేతికిచ్చేటప్పుడు దాని గురించి రెండు మంచి మాటలు చెప్పి ఇస్తే గుణం బాగా కనిపిస్తోందని ఆయన గమనించాడు. అక్కడి నుంచి మొదలుపెట్టి "రోజురోజుకీ, అన్ని విధాలా, నేను అంతకంతకూ మెరుగవుతున్నాను" అనే వాక్యం తయారుచేశాడు. ఇరవై ముళ్లున్న తాడు పట్టుకుని, పొద్దున లేవగానే ఇరవై సార్లు, రాత్రి పడుకోబోయే ముందు ఇరవై సార్లు అనుకోమనేవాడు. మనవాళ్లకి జపమాల అలవాటే కాబట్టి తాడు సంగతి వింతేం కాదు. నాకు నచ్చింది ఆ వాక్యం. "నాకు నయమైపోయింది" అని లేదు అందులో, "మెరుగవుతున్నాను" అని ఉంది. ఎంత తెలివైనవాడో చూడండి, మనసు ఎదురు ప్రశ్న వేయడానికి సందు తక్కువ వదిలాడు. డాక్టరు దగ్గరికెళ్లొద్దని, మందులు మానేయమని కూడా ఆయన చెప్పలేదు. ఫోన్లో పంపేవాళ్లు ఈ సంగతి మాత్రం పంపరు.

ఇంకో మాట కూడా చెప్పాడు ఆయన, నిద్రపట్టని వాళ్లందరికీ అనుభవమే. నిద్రపోవాలి, నిద్రపోవాలి అని ఎంత గట్టిగా పట్టుబడితే నిద్ర అంత దూరం పోతుంది. అందుకే నేను రాత్రి రెండింటికి మెలకువొస్తే "ఇప్పుడు నిద్రపోవాలి" అనుకోను. "పడుకుని ఉన్నాను, ఒళ్లు విశ్రాంతిగానే ఉంది, పట్టినప్పుడు పడుతుంది" అనుకుని ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటాను. ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి కోడి కూస్తుంది.

ఇక్కడ గోదారి గురించి చెప్పాలి. మాది పి.గన్నవరం వైపు, ఏటిగట్టు ఎక్కితే లంకలు, అంటే గోదారి మధ్యలో దీవులు, కనిపిస్తాయి. వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోదీ దాటి వచ్చిన వరద ఇక్కడెవరూ మర్చిపోలేదు. లంకలో మనిషి మొదటి హెచ్చరిక విని "గోదారి రాదు, గోదారి రాదు" అని జపం చెయ్యడు, "మునిగిపోయాం బాబోయ్" అని కూలబడిపోడు కూడా. "ఇప్పుడు మొదటిది ఎగరేశారు, పశువుల్ని గట్టు మీదికి తోలాలి" అంటాడు. రెండోదైతే బియ్యం బస్తాలు, గ్యాస్ బండ పైకెక్కిస్తాడు. నీళ్లెంతున్నాయి, నేనిప్పుడేం చెయ్యాలి, ఆ రెండే.

ఒంటితో మాట్లాడేటప్పుడు కూడా నాకు పనికొచ్చిన మాట ఆ కొలతలోదే. హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఎనిమిది దాటి వచ్చినప్పుడు "నేను ఆరోగ్యంగా ఉన్నాను" అబద్ధం, "నా పని అయిపోయింది" కూడా అబద్ధమే. నిజమేంటంటే అది గడిచిన రెండు మూడు నెలల షుగరు సగటు. రాబోయే మూడు నెలలది ఇంకా రాయలేదు. కాబట్టి "ఎనిమిది దాటింది. బిళ్ల వేసుకున్నాను. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచుతాను" అనుకుంటాను. వినడానికి ఇందులో అందమేం లేదు, గ్రూపులో పెడితే ఒక్క దండం బొమ్మ కూడా రాదు. కానీ లోపలి గొంతు దీనికి అడ్డురాలేదు, ఎందుకంటే కాదనడానికి ఏముంది.

ఎవరు మాట్లాడుతున్నట్టు మాట్లాడుకోవాలన్నది ఇంకో సంగతి, అసలు కిటుకు ఇందులోనే ఉందని నా అభిప్రాయం. మిషిగన్ యూనివర్సిటీలో ఈథన్ క్రాస్ అనే ఆయన, తోటివాళ్లూ కలిసి 2014లో బయటపెట్టిన ప్రయోగాల్లో, జనం ముందు మాట్లాడాల్సొచ్చి భయపడేవాళ్లని రెండు రకాలుగా ఆలోచించమన్నారు. కొందరు "నేను ఎందుకు భయపడుతున్నాను" అనుకోవాలి, కొందరు తమ పేరు పెట్టి, ఎవరో పక్కవాళ్లని అడిగినట్టు అడుక్కోవాలి. పేరు పెట్టి అడుక్కున్న వాళ్లు భయాన్ని బాగా తట్టుకున్నారు, మాట్లాడటం కూడా మెరుగ్గా మాట్లాడారు.

నాకు నా పేరు పెట్టి పిలుచుకోవడం ఎందుకో స్కూల్లో హాజరు పిలిచినట్టనిపించింది. మా నాన్నగారు నన్ను పెద్దమ్మాయ్ అనేవారు. అదే పట్టుకున్నాను. "ఏమ్మా పెద్దమ్మాయ్, ఏంటి కంగారు? బీపీ చూపించుకోడానికేగా వచ్చావు, యుద్ధానికి రాలేదుగా. కాసేపు కూర్చో." ఇలా అనుకున్నప్పుడు గొంతు కూడా ఆయనదే వినిపిస్తుంది, నా గొంతుకంటే అది నాకు ఎప్పుడూ మంచిదే. బీపీ చూసే ముందు వీపు ఆనించుకుని, కాళ్లు నేల మీద ఆనించి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి అని చెబుతారు కదా, ఆ ఐదు నిమిషాలూ ఈ మాటలకి సరిగ్గా సరిపోతాయి. ఆసుపత్రిలో చూస్తే ఎక్కువ, ఇంట్లో చూస్తే తక్కువ వచ్చే వాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకైతే మరీను. (మాట్లాడకుండా అంటే పైకి అని అర్థం, మా అత్తగారు "నోరు కదుపుతున్నావేంటే" అని పక్కనుంచి అడిగి అందరి ముందూ నవ్వులపాలు చేశారు.)

మాటకి ఒంట్లో ఏం జరుగుతుంది అంటారా, గాల్లో ఏమీ జరగదు. టెన్షన్ పడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి, దాంతో లివరు రక్తంలోకి గ్లూకోజు వదులుతుంది, గుండె వేగం పెరుగుతుంది. పొద్దస్తమానం మనల్ని మనం తిట్టుకుంటూ కూర్చుంటే ఆ టెన్షన్ మనమే పెట్టుకున్నట్టు. అది తగ్గితే కొంత తేడా ఉంటుంది. అంతకంటే పెద్ద తేడా ఇంకోచోట వస్తుంది: "నా వల్ల ఏం కాదు" అనుకున్న మనిషి నడకకి వెళ్లదు, బిళ్ల మర్చిపోతుంది, చెకప్పుకి తేదీ దాటించేస్తుంది. మాట మందు కాదు కానీ మందు వేసుకునే చెయ్యిని కదిలిస్తుంది.

అందుకే మాట చివర ఒక పని ఉండాలి, ఆ పనికి ఒక వేళ ఉండాలి. పీటర్ గోల్విట్సర్ అనే సైకాలజిస్టు చెప్పిన పద్ధతి ఇది: ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను అని ముందే అనుకోవడం. "రోజూ నడుస్తాను" అంటే ఏ రోజూ నడవం. "రాత్రి మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కోగానే చెప్పులేసుకుని ఏటిగట్టు ఎక్కుతాను" అంటే చెయ్యి కడుక్కున్నప్పుడల్లా చెప్పులు గుర్తొస్తాయి. వర్షం పడితే? దానికీ వాక్యం ఉండాలి, మా ఊళ్లో మరీ ముఖ్యం. "వాన పడితే వసారాలోనే తిరుగుతాను."

మా వైపు అసలు పరీక్ష నడక కాదులెండి, చుట్టాలు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు, తాపేశ్వరం నుంచి కాజాలు, "ఒక్కటి తింటే ఏమవుద్దండి, మా మీద ఒట్టు" అనే మర్యాద. వద్దంటే వాళ్లకి బాధ, తింటే నాకు బాధ. అక్కడ "నేను దృఢసంకల్పం గలదాన్ని" లాంటివి అస్సలు పనిచెయ్యవు. "పెద్దమ్మాయ్, సగం తుంచుకుని మిగతాది మీ ఆయనకిచ్చెయ్" అనేది చాలాసార్లు పనిచేసింది. మా ఆయన ఈ పద్ధతిని పూర్తిగా సమర్థిస్తారు.

అమెరికాలో క్లాడ్ స్టీల్ అనే సైకాలజిస్టు 1988లో చెప్పిన సంగతి ఒకటుంది, అఫర్మేషన్లంటే జనం అనుకునేదానికి ఇది కొంచెం వేరు. "నేను గొప్ప" అనుకోవడం కాదు, నాకు ఏది ముఖ్యమో గుర్తు చేసుకోవడం. ఇల్లు, పిల్లలు, భక్తి, చేతి పని, ఏదైనా సరే, అది ఎందుకు ముఖ్యమో నాలుగు వాక్యాలు రాసుకోవడం. అలా రాసుకున్నాక ఆరోగ్యం గురించి చేదు నిజం చెబితే మనుషులు దులిపేసుకోకుండా వినగలుగుతున్నారని తర్వాతి పరిశోధనల్లో కనిపించింది. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు వెళ్లి ప్రదక్షిణలు చేసేవాళ్లని చూస్తే నాకు ఇదే అనిపిస్తుంది. కోరిక సంగతి దేవుడికి తెలుసు, కానీ ఏడు వారాలపాటు తనకి ఏది ముఖ్యమో మనిషి కాళ్లతో చెప్పుకుంటుంది, నడక ఎలాగూ నడుస్తుంది. నా పుస్తకంలో నేను రాసుకున్నది చిన్నది: మనవరాలి చెయ్యి పట్టుకుని అంతర్వేది తీర్థంలో ఇసకలో నడవాలి, నేను దాన్ని పట్టుకోవాలి గానీ అది నన్ను పట్టుకోకూడదు. షుగరు వల్ల పాదాలకి తిమ్మిర్లొస్తాయి, రోజూ పాదాలు చూసుకోండి అని డాక్టరుగారు చెప్పినప్పుడు ఇది రాసుకుని ఉండబట్టే ఆ మాట చెవికెక్కింది.

ఒక సంగతి గట్టిగా చెబుతాను. ఎవరైనా "పాజిటివ్‌గా ఆలోచించు, ఇన్సులిన్ మానెయ్" అంటే ఆ మనిషితో ఆ విషయంలో మాట్లాడకండి. క్యాన్సరొచ్చిన వాళ్లతో "నువ్వు నెగటివ్‌గా ఆలోచించావు కాబట్టే వచ్చింది" అనేవాళ్లని నేను చూశాను, అంత దుర్మార్గం ఇంకోటి లేదు. రోగం ఆలోచనకి శిక్ష కాదు. అలాగే రెండు వారాలకి పైగా దిగులు వదలకపోయినా, దేని మీదా మనసు పోకపోయినా, చచ్చిపోవాలనిపించినా అది వాక్యాలు మార్చుకుంటే పోయేది కాదు. మనసు బాధలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మెంటల్ అనుకుంటారేమో అని ఆగిపోయేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. పంటికి డాక్టరు, కంటికి డాక్టరు ఉన్నప్పుడు దీనికీ ఉంటారు.

మొదలుపెట్టాలనుకుంటే ముందు కొత్త వాక్యాలు వెతక్కండి. మిమ్మల్ని మీరు ఏమని తిట్టుకుంటున్నారో రెండు రోజులు కాగితం మీద రాయండి, చాలు. మా తోడికోడలు అలా రాసి, సాయంత్రానికి కాగితం అయిపోతే క్యాలెండరు వెనక రాసింది. అందులో ఎక్కువసార్లు వచ్చినదాన్ని తీసుకుని, అదే మాట పక్కింటి పిల్ల తన గురించి అనుకుంటే మీరేమంటారో అది రాసుకోండి. "నాకేదీ చేతకాదు" అన్నచోట "ఇవాళ ఒళ్లు బాగోలేదు, గిన్నెలు రేపు తోముకోవచ్చు" అని వచ్చింది ఆవిడకి. గిన్నెలు నిజంగానే మర్నాడు తోమింది, కొంపలేమీ అంటుకోలేదు.

నాకింకా కుదరని వాక్యం ఒకటుంది. సంక్రాంతి వస్తోంది, మా అత్తగారి అరిసెల ముందు కూర్చుని ఏమనుకోవాలో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. ఆవిణ్ణే అడిగితే "నాకు రెండు చాలు అనుకో" అన్నారు. ఆవిడ చేసే అరిసె ఒక్కోటి పళ్లెమంత ఉంటుంది.