గ్రూవీతో ఫోటోల సర్దుబాటు: జావా పునాది మీద ఒక డైనమిక్ భాష

ఫోన్ల నుంచి, కెమెరాల నుంచి, పాత డిస్కుల నుంచి దింపుకున్న ఫోటోలు ఒకే ఫోల్డరులో వేల సంఖ్యలో పోగుపడ్డాయి. ఒకే ఫోటో మూడు నాలుగు పేర్లతో కనిపిస్తుంది. ఫైలు మీద ఉన్న తేదీకీ ఫోటో తీసిన తేదీకీ పొంతన ఉండదు. వీటిని తీసిన నెలను బట్టి వేరుచేయాలి, అచ్చంగా ఒకటే అయిన కాపీలను పట్టుకోవాలి, ఆ తర్వాత దాదాపు ఒకేలా ఉన్నవాటిని జతకట్టాలి. ఈ మూడు పనులూ చేసే చిన్న ప్రోగ్రామును తీరిక దొరికినప్పుడల్లా రాస్తున్నాను. ఎంచుకున్న భాష గ్రూవీ. ఇప్పటివరకు ఎంతవరకు వచ్చిందో, ఈ భాషలోకి కొత్తగా దిగేవారికి ఏ వివరాలు పనికొస్తాయో రాసి పెడుతున్నాను.

భాషకంటే ముందు నేను చూసుకున్నది లైబ్రరీలను. ఫోటోలో దాగి ఉండే సమాచారాన్ని, అంటే ఎగ్జిఫ్ వివరాలను, చదవడానికి జావాలో మెటాడేటా ఎక్స్‌ట్రాక్టర్ అనే చక్కటి లైబ్రరీ ఉంది. బొమ్మ తెరవడానికి ఇమేజ్‌ఐఓ, హ్యాష్ (ఫైలులోని బైట్లను బట్టి తయారయ్యే వేలిముద్ర లాంటి విలువ) లెక్కకు మెసేజ్‌డైజెస్ట్ జావాతోపాటే వస్తాయి. అన్నీ చాలా ఏళ్లుగా చాలామంది వాడి నమ్మకం కుదిరినవే. కానీ ఇలాంటి సొంత పనికి రోజుకో రకంగా ఆలోచన మారుతుంది. మారినప్పుడల్లా టైపులు, ఎక్సెప్షన్ల (నడిచేటప్పుడు వచ్చే తప్పుల) ప్రకటనలు దిద్దుకుంటూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. జావా లైబ్రరీలు కావాలి, రాత మాత్రం తేలికగా సాగాలి. ఈ రెండూ ఒకచోట దొరికేది గ్రూవీలోనే అని నా నమ్మకం.

టైపులను ముందే బిగించకుండా నడుస్తున్నప్పుడే చూసుకునే ఈ డైనమిక్ భాషను 2003లో జేమ్స్ స్ట్రాకన్ మొదలుపెట్టారు. 1.0 వెర్షన్ 2007 జనవరిలో వచ్చింది. 2015 నుంచి అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ గొడుగు కింద ఉంది. ప్రోగ్రాములను కట్టే గ్రేడిల్ బిల్డు ఫైళ్లను, అలాంటి పనులను వాటంతట అవే నడిపించే జెంకిన్స్ పైప్‌లైన్లను ముట్టుకున్నవారిలో చాలామంది ఆ పేరు తలవకుండానే గ్రూవీ రాసి ఉంటారు.

ముందుగా ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. గ్రూవీ జావా మీద వేసిన పైపూత కాదు. రాసిన ప్రోగ్రాము జావా తరగతి లాగే బైట్‌కోడ్‌గా మారి జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం మీద నడుస్తుంది. మామూలు స్ట్రింగ్ జావా స్ట్రింగే. చదరపు బ్రాకెట్లలో రాసిన లిస్టు జావా అర్రేలిస్టే. మ్యాప్ రాస్తే వచ్చేది లింక్డ్‌హ్యాష్‌మ్యాప్. అందువల్ల జావా లైబ్రరీకి ఏది పంపాలన్నా, దాని నుంచి ఏది తీసుకోవాలన్నా మధ్యలో మార్పిడి అవసరం లేదు. ఆ జావా తరగతులకే గ్రూవీ కొన్ని కొత్త మెథడ్లను అదనంగా తగిలిస్తుంది. ఫైల్ తరగతి మీద ఈచ్‌ఫైల్‌రికర్స్ అని పిలిస్తే చాలు, లోపలి ఫోల్డర్లతో సహా అన్నీ తిరిగి వస్తుంది. ఒక్కో ఫైలుతో ఏం చేయాలో మీసాల బ్రాకెట్ల మధ్య క్లోజర్‌గా (మరో మెథడ్‌కు అందించగల చిన్న కోడు ముక్కగా) రాసి ఇస్తాం. నా ప్రోగ్రాములో మొదటి వరుస అదే.

మొదలుపెట్టడం

ముందు జేడీకే, అంటే జావా ప్రోగ్రాములు రాయడానికి కావలసిన సామగ్రి, ఉండాలి. గ్రూవీ 4కు జావా 8 అయినా సరిపోతుంది. గ్రూవీని ఇలాంటి సాధనాలను పెట్టిపెట్టే ఎస్‌డీకేమ్యాన్ ద్వారా ఒక్క ఆదేశంతో పెట్టుకోవచ్చు. దానితోపాటే గ్రూవీ కన్సోల్ అనే చిన్న విండో వస్తుంది. పైభాగంలో రాసి నడిపితే కింద ఫలితం కనిపిస్తుంది. కొత్త లైబ్రరీ ఎలా స్పందిస్తుందో తెలుసుకోవడానికి నేను దీన్ని తెరిచే ఉంచుతాను.

బయటి లైబ్రరీ కోసం బిల్డు ఫైలు అక్కర్లేదు. స్క్రిప్టు మొదట్లో @గ్రాబ్ అనే అనొటేషన్‌లో (కోడు మీద పెట్టే గుర్తులో) లైబ్రరీ పేరు, వెర్షన్ రాస్తే మొదటిసారి నడిపినప్పుడు అదే దిగుమతి అవుతుంది. హోమ్ డైరెక్టరీలో గ్రూవీ పేరుతో ఉన్న దాపు ఫోల్డరులో నిలవ ఉంటుంది కాబట్టి రెండోసారి నుంచి ఆ కాపీనే వాడుకుంటుంది. ఒక్క ఫైలు స్క్రిప్టుకు ఇంతకంటే సుఖమైన ఏర్పాటు నేను చూడలేదు. ప్రోగ్రాము పెద్దదైతే మాత్రం గ్రేడిల్‌లోకి మారడమే మంచిది.

కొత్తవారిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. స్క్రిప్టు మొత్తం ఒక తరగతి అవుతుంది, మనం బయట రాసిన వాక్యాలన్నీ అందులోని రన్ మెథడ్‌లోకి వెళ్తాయి. కాబట్టి పైన డెఫ్‌తో (టైపు చెప్పకుండా) ప్రకటించిన వేరియబుల్ అదే ఫైల్లోని మెథడ్లకు కనిపించదు. కనిపించాలంటే దాని ముందు @ఫీల్డ్ అని పెట్టాలి. నా స్క్రిప్టులో ఫోటోల మూల ఫోల్డరు దారి, గమ్యం దారి ఇలాగే ఉన్నాయి.

తీసిన తేదీ

ఎగ్జిఫ్ వివరాలు అన్ని ఫోటోల్లో ఉండవు. స్క్రీన్‌షాట్లలో సాధారణంగా తీసిన తేదీ ఉండదు, మెసేజింగ్ యాప్‌ల ద్వారా వచ్చినవాటిలో తరచూ చెరిగిపోయి ఉంటుంది. లైబ్రరీని ఆ విభాగం ఇవ్వమని అడిగితే నల్ (ఏమీ లేదు అని చెప్పే విలువ) వస్తుంది. గ్రూవీలో చుక్కకు ముందు ప్రశ్నార్థకం పెట్టి ?. అని పిలిస్తే, ఎడమవైపు నల్ ఉన్నప్పుడు ప్రోగ్రాము ఆగిపోకుండా ఫలితం కూడా నల్ అవుతుంది. దాని పక్కనే ?: పెట్టి రెండో దారి చెప్పవచ్చు. అలా, తీసిన తేదీ ఉంటే అది, లేకపోతే ఫైలు మారిన తేదీ అన్న నిర్ణయం ఒక్క వరుసలో ఇమిడింది.

తేదీని తేదీగా కాక స్ట్రింగ్‌గానే తీసుకోవాలని బాగా ఆలోచించి నిర్ణయించుకున్నాను. ఎగ్జిఫ్‌లో అది 2019:04:21 23:50:07 అనే రూపంలో ఉంటుంది. చాలా ఫోటోల్లో టైమ్ జోన్ సంగతే ఉండదు. దాన్ని డేట్ వస్తువుగా మారిస్తే ఏదో ఒక జోన్ ఊహించాల్సి వస్తుంది, అర్ధరాత్రి దగ్గర తీసిన ఫోటో పక్క రోజులోకో, నెల చివరైతే పక్క నెలలోకో జారిపోతుంది. నాకు కావలసింది కెమెరా రాసిన నెల మాత్రమే. అందుకని

తేదీ[0..6]

అని రాస్తే మొదటి ఏడు అక్షరాలు, అంటే 2019:04 చేతికి వస్తాయి. మధ్యలో ఉన్న కోలన్‌ను గీతగా మారిస్తే ఫోల్డరు పేరు తయారు. గడియారం పెట్టని కెమెరాలు కొన్ని అన్నీ సున్నాలు రాస్తాయి కాబట్టి ముందుగా ==~ తో ఆ తేదీ ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు (అక్షరాల నమూనాకు) సరిపోతుందో లేదో చూస్తాను. ఎక్స్‌ప్రెషన్‌ను రెండు ఏటవాలు గీతల మధ్య రాయవచ్చు, జావా స్ట్రింగ్‌లలో లాగా వెనుకగీతలను రెండేసి పెట్టే బెడద లేదు.

అచ్చం ఒకటే అయినవి

ఈ భాగం రాస్తున్నప్పుడే గ్రూవీ మీద ఇష్టం బాగా పెరిగింది. ప్రతి ఫైలుకూ హ్యాష్ లెక్కగట్టనక్కర్లేదు. సైజు వేరైన రెండు ఫైళ్లు ఒకటి కాలేవు. కాబట్టి ముందు గ్రూప్‌బైతో సైజు ప్రకారం గుంపులు చేసి, ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లున్న గుంపులను ఫైండ్‌ఆల్‌తో ఏరి, వాటికి మాత్రమే హ్యాష్ కట్టి, ఆ హ్యాష్‌ను బట్టి మళ్లీ గ్రూప్‌బై చేస్తాను. మనసులో అనుకున్న క్రమం ఏదో రాతలోనూ అదే క్రమం. ఆరు నెలల తర్వాత తెరిచినా చదివితే అర్థమవుతుంది.

హ్యాష్ కట్టేటప్పుడు ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాగవద్దు. ఈచ్‌బైట్ మెథడ్‌కు బఫర్ సైజు ఇస్తే ముక్కలు ముక్కలుగా చదివి, ప్రతి ముక్కనూ, అందులో నిజంగా ఎన్ని బైట్లు వచ్చాయో ఆ సంఖ్యనూ క్లోజర్‌కు ఇస్తుంది. రెంటినీ మెసేజ్‌డైజెస్ట్‌కు అందించాలి. ఆ సంఖ్యను వదిలేస్తే చివరి ముక్కలో మిగిలిన పాత బైట్లు కూడా లెక్కలో కలుస్తాయి. ఫైలు మూసే బాధ్యత గ్రూవీదే.

గుంపులకు పేర్లు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. డబుల్ కోట్ల మధ్య డాలర్ గుర్తుతో వేరియబుల్ చొప్పిస్తే వచ్చేది జావా స్ట్రింగ్ కాదు, జీస్ట్రింగ్. చూడటానికి అక్షరాలు ఒకటే అయినా రెంటి హ్యాష్‌కోడ్ (మ్యాప్ వెతకడానికి వాడే సంఖ్య) వేరు. జీస్ట్రింగ్‌ను కీగా పెట్టి మ్యాప్‌లో దాచినదాన్ని మామూలు స్ట్రింగ్‌తో వెతికితే దొరకదు. వేరియబుల్‌ను డెఫ్ అనకుండా స్ట్రింగ్ అని ప్రకటిస్తే చాలు, గ్రూవీయే మార్చి పెడుతుంది. డైనమిక్ భాషలో టైపు రాయకూడదనే నియమం లేదు. కావలసిన చోట రాయడం, అక్కర్లేని చోట మానడం మన చేతుల్లో ఉంది.

దాదాపు ఒకేలా ఉన్నవి

సైజు తగ్గించి పంపిన కాపీకి హ్యాష్ ఎలాగూ కలవదు. దానికి డీహ్యాష్ అనే పద్ధతి వాడుతున్నాను. బొమ్మను 9 అడ్డం, 8 నిలువు చుక్కలకు కుదించి, ప్రతి వరుసలో పక్కపక్క చుక్కల్లో ఏది ఎక్కువ వెలుగో చూసి 1 లేదా 0 రాసుకుంటాం. వరుసకు 8 పోలికలు, మొత్తం 64 బిట్లు. సరిగ్గా ఒక లాంగ్‌లో, అంటే 64 బిట్ల పూర్ణాంకంలో, పడతాయి. రెండు ఫోటోల మధ్య ఎన్ని బిట్లు తేడాగా ఉన్నాయో లెక్కపెడితే పోలిక తెలుస్తుంది. ప్రస్తుతానికి 10 బిట్ల లోపు తేడా ఉన్నవాటిని జతగా తీసుకుని కంటితో చూసుకుంటున్నాను.

వెలుగు లెక్క దగ్గర గ్రూవీ తీరు జావాకు భిన్నం. సహజంగా చేతికి వచ్చే రాత ఇది:

(ఎరుపు + ఆకుపచ్చ + నీలం) / 3

జావాలో పూర్ణాంకాల భాగహారం పూర్ణాంకమే ఇస్తుంది. గ్రూవీలో 7 / 2 అంటే 3.5. ఆ 3.5 బిగ్‌డెసిమల్ వస్తువు. డబ్బు లెక్కలకు ఇది వరం, 0.1కి 0.2 కలిపితే ఖచ్చితంగా 0.3 వస్తుంది. చుక్క చుక్కకూ నడిచే లెక్కలో మాత్రం వృథా భారం. ఇంట్‌డివ్ అనే మెథడ్ వాడవచ్చు. నేనైతే భాగహారమే తీసేశాను. ఏది ఎక్కువో తెలిస్తే చాలు కదా, మూడింటి మొత్తాలను పోల్చినా జవాబు అదే.

అసలు బరువు జతల పోలికలో ఉంది. 10,000 ఫోటోలుంటే 4,99,95,000 జతలు. ఇక్కడ ప్రతి పిలుపుకూ నడుస్తున్నప్పుడే మెథడ్ వెతుక్కునే పద్ధతి నెమ్మది. ఆ ఒక్క తరగతి మీద @కంపైల్‌స్టాటిక్ పెట్టాను. 2012లో గ్రూవీ 2.0తో వచ్చిన సౌకర్యం ఇది. టైపులన్నీ ముందే సరిచూసి, జావా కంపైలర్ ఇచ్చేదానికి దగ్గరగా ఉండే బైట్‌కోడ్ ఇస్తుంది. వేగంలో తేడా స్పష్టంగా కనిపించింది. ఫైళ్ల హ్యాష్ భాగంలో పెట్టినా లాభం లేదు, అక్కడి కాలమంతా డిస్కుదీ మెసేజ్‌డైజెస్ట్‌దీ.

అయితే ఈ అనొటేషన్‌ను కనిపించిన ప్రతిచోటా అంటించడం నాకు నచ్చదు. కారణం వేగానికి సంబంధించింది కాదు. నా దగ్గర వివరం అనే పేరుతో రెండు మెథడ్లున్నాయి. ఒకటి జీపీఎస్ విభాగాన్ని, ఇంకొకటి మామూలు విభాగాన్ని తీసుకుంటుంది. లిస్టులో అన్నీ మామూలు విభాగాలుగానే ప్రకటించి ఉన్నా, డైనమిక్ గ్రూవీ నడుస్తున్నప్పుడు వచ్చిన అసలు వస్తువును చూసి జీపీఎస్ మెథడ్‌ను ఎంచుకుంటుంది. @కంపైల్‌స్టాటిక్ పెడితే జావా లాగే ప్రకటించిన టైపును చూసి మామూలు మెథడ్‌ను పిలుస్తుంది. తప్పు చూపించదు, ప్రోగ్రాము నడుస్తుంది, ఫలితం మాత్రం మారుతుంది. అందుకే స్టాటిక్ చేయాల్సిన భాగాన్ని విడి తరగతిగా, లాంగ్‌ల అర్రే తీసుకుని జతలు తిరిగి ఇచ్చేలా చిన్నగా ఉంచాను. బయటి ప్రపంచంతో మాట్లాడే భాగం డైనమిక్‌గా, లోపలి లెక్క స్టాటిక్‌గా ఉండటం ఈ భాషకు బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

బొమ్మల విషయంలో రెండు సంగతులు. హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లోని ఫోటోలను ఇమేజ్‌ఐఓ సొంతంగా చదవలేదు, ఎక్సెప్షన్ ఇవ్వకుండా నల్ ఇస్తుంది, వాటిని విడి జాబితాలో రాస్తున్నాను. రెండోది, ఫోటోను ఎటు తిప్పి చూపాలో చెప్పే ఎగ్జిఫ్ సంఖ్యను అది పట్టించుకోదు. ఆ సంఖ్య చదివి, బొమ్మను తిప్పి, ఆ తర్వాతే డీహ్యాష్ కట్టాలి. లేకపోతే నిలువుగా సరిచేసిన కాపీ అసలు ఫోటోతో కలవదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది

వెతకడం, గుంపులు చేయడం పూర్తయ్యాయి. తిప్పే భాగానికి స్పాక్ అనే పరీక్షల ఫ్రేమ్‌వర్క్‌తో పరీక్షలు రాస్తున్నాను. నిలువు గీతలతో పట్టిక గీసినట్టు రాస్తే ప్రతి వరుసా ఒక పరీక్ష అవుతుంది. ఎగ్జిఫ్‌లో దిశకు 1 నుంచి 8 వరకు విలువలుంటాయి కాబట్టి పట్టిక ఎనిమిది వరుసలతో సరిపోయింది.

ఫైళ్లను కదిలించే భాగం ఇంకా మొదలుపెట్టలేదు. దాని పథకం మాత్రం సిద్ధం. ప్రోగ్రాము మొదటిసారి ఏ ఫైలు ఎక్కడికి వెళ్లాలో ఒక టెక్స్ట్ ఫైల్లో వరుసకొకటిగా రాసి ఆగిపోతుంది. నేను చదివి, వద్దనుకున్న వరుసలు కొట్టేశాక, రెండో ఆదేశంతో ఆ జాబితా ప్రకారమే కదిలిస్తుంది. కదిలించడానికి ఫైల్ తరగతిలోని రీనేమ్‌టూ వాడను. అది విఫలమైతే ఫాల్స్ అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. జావాతో వచ్చే ఎన్ఐఓ అనే లైబ్రరీలోని ఫైల్స్ తరగతిలో ఉన్న మూవ్ అయితే కారణంతో సహా ఎక్సెప్షన్ ఇస్తుంది, గమ్యంలో అదే పేరుతో ఫైలుంటే దాని మీద రాయకుండా ఆగుతుంది. గ్రూవీలో ఆ ఎక్సెప్షన్‌ను ప్రకటించే పని కూడా లేదు. ఎక్కడ పట్టుకోవాలనుకుంటే అక్కడ పట్టుకుని, ఆ వరుస పక్కన కారణం రాసి, తర్వాతి ఫైలుకు వెళ్లేలా చేయాలి.