చోక్ లాగే ఉదయాలు

మా వసారాలోని పాత ప్రీమియర్ పద్మిని కారును వారం రోజులు కదపకపోతే, తాళం తిప్పగానే అది పలకదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బ్యురేటర్‌లోని ఫ్లోట్ గిన్నెలో మిగిలిన పెట్రోలు మెల్లగా ఆవిరైపోతుంది. ఇంజిన్ తిరిగితేనే పనిచేసే మెకానికల్ పంపు ఆ గిన్నెను తిరిగి నింపేదాకా స్టార్టర్‌ను తిప్పుతూనే ఉండాలి. ఈ సంగతి తెలియని కొత్తలో, ఆపకుండా తిప్పి రెండుసార్లు బ్యాటరీని పూర్తిగా దించేశాను. ఇప్పుడు అయిదారు సెకన్లు తిప్పి, అర నిమిషం ఆగి, మళ్లీ తిప్పుతున్నాను.

చోక్ మరింత సున్నితమైన వ్యవహారం. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కనుక, మిశ్రమంలో దాని పాలు పెంచడానికి ఆ మీట లాగుతాం; ఇంజిన్ వేడెక్కాక దానిని లోపలికి నెట్టడం మరిచిపోతే వెనుక నల్లటి పొగ, ప్లగ్గుల మీద మసి తప్పవు. హైదరాబాదు చలికాలంలో నాకు రెండు నిమిషాల చోక్ చాలు. అతిగా లాగి ఇంజిన్‌ను పెట్రోలుతో ముంచేసిన రోజున, చోక్ మీటను పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి తిప్పితే అదనపు గాలి చేరి దారికి వస్తుంది.

అసలు పరీక్ష మే నెలదే. 1089 సీసీల ఆ చిన్న ఇంజిన్ ట్రాఫిక్‌లో కాగిపోయినప్పుడు, పంపులోనూ గొట్టంలోనూ పెట్రోలు ఆవిరై ప్రవాహం తెగిపోతుంది. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, పావుగంట నీడలో నిలబడటమే మందు. నాన్నగారు డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఒక మాసిన తువాలు ఎందుకు ఉంచేవారో, ఆయన చేతులు తుడుచుకోవడానికే అనుకున్న నాకు మొదటి వేసవిలో తెలిసింది.