రికీ కోపం స్పానిష్‌లో, నా కోపం తెలుగులో

పోయిన చలికాలం మా ఒహాయోలో మంచు పడి స్కూళ్లు మూసేసిన వారం, లైబ్రరీ నుంచి 'ఐ లవ్ లూసీ' రెండో సీజన్ డీవీడీల పెట్టె తెచ్చాను. 2004లో వచ్చిన పెట్టె అది. ఐదు డిస్కులు, 31 ఎపిసోడ్లు. ఆ పాత అమెరికా టీవీ కామెడీ మీద నాకేమీ మోజు లేదు. నలుగురం నాలుగు తెరలు పట్టుకుని నాలుగు మూలల కూర్చుంటున్నాం, ఒక్క తెర ముందు కూర్చుందామని అంతే. బేస్‌మెంట్‌లోంచి పాత ప్లేయర్ పైకి తెచ్చి, దాని వైరు వెతికేసరికి మా ఆయనకి గంట పట్టింది.

తొమ్మిదేళ్ల మా చిన్నోడు బొమ్మ రాగానే "టీవీ పాడైందా?" అన్నాడు. రంగుల్లేవు మరి. పదమూడేళ్ల మా అమ్మాయి పెట్టె అట్ట మీద పేర్లు చదువుతూ "అమ్మా, దేశీ అర్నాజ్ అట, మనవాడా?" అంది. డెజీ అనాలి. మనవాడు కాదు, క్యూబావాడు. 1917లో శాంటియాగోలో పుట్టాడు. 1933లో అక్కడ విప్లవం వచ్చి, అంతకుముందు మేయరుగా చేసిన తండ్రి జైలు పాలై, ఉన్నదంతా పోయాక, టీనేజి కుర్రాడిగా అమెరికా వచ్చిపడ్డాడు. సీరియల్‌లో అతను రికీ. పాటల బ్యాండు నడిపే క్యూబావాడు. భార్య లూసీ అచ్చమైన అమెరికా పిల్ల. బయట కూడా వాళ్లు మొగుడూ పెళ్లాలే. అయినా క్యూబా యాసవాడు అమెరికా అమ్మాయికి మొగుడంటే జనం నమ్మరేమోనని టీవీవాళ్లు మొదట వెనకాడారట.

డెబ్బై ఏళ్లు దాటినా బొమ్మ మాత్రం కడిగిన అద్దంలా ఉంది. ఆ రోజుల్లో టీవీ కార్యక్రమాలు చాలావరకు న్యూయార్క్ నుంచి లైవ్‌లో వచ్చేవి. దూరపు ఊళ్ల కోసం టీవీ తెరనే ఫిల్ము తీసి పంపేవారు, మసక మసకగా. వీళ్లిద్దరూ కాలిఫోర్నియా వదిలి రామన్నారు. ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూడు కెమెరాలతో 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ఖర్చు పెరుగుతుందంటే తమ జీతం కొంత తగ్గించుకుని, ఆ ఫిల్ముల మీద హక్కు తమ దగ్గరే ఉంచుకున్నారు. ఈ ముక్క చెప్పగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, జీతం తగ్గినా సరే, స్టాక్ అడగాలి" అని రాత్రి అన్నం తినేటప్పుడు కూడా అదే మాట.

ఈ సీజన్లో లూసీ చాక్లెట్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్లే ఎపిసోడ్ లోకమంతా చూసిందే. కదిలే బెల్టు మీద చాక్లెట్లు ఆగకుండా వస్తుంటే కాగితాలు చుట్టలేక నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కుకుంటుంది. మా ఇంట్లో నవ్వు ఆగనిది మాత్రం దానికి కాదు. అదే ఎపిసోడ్లో మగవాళ్లు వంటింట్లో దూరుతారు. రికీ మనిషికో పౌండు చొప్పున నలుగురికి నాలుగు పౌండ్ల బియ్యం పడేస్తాడు. అంటే దగ్గర దగ్గర రెండు కిలోలు! గిన్నె మూత ఎత్తుకుని అన్నం పొయ్యి మీదికి, పొయ్యి మీంచి నేల మీదికి వస్తుంటే పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. మా ఆయన మాత్రం గంభీరంగా చూస్తూ, "ఎమ్మెస్ మొదటి నెల మా అపార్ట్‌మెంట్లో ఇదే జరిగింది" అన్నాడు. పదిహేనేళ్ల కాపురంలో నాతో ఎప్పుడూ చెప్పని సంగతి.

అన్నీ ఇలా నవ్వుకునేవి కావు. ఇంటి ఖర్చు డబ్బుల కోసం లూసీ మొగుడి ముందు నాటకాలాడుతుంటే మా అమ్మాయికి ఒళ్లు మండింది. "ఆవిడకి బ్యాంకు అకౌంట్ లేదా?" అని అడిగింది. ఆ కాలం అంతే అన్నాను. మా అమ్మకీ లేదు అని మాత్రం అనలేకపోయాను.

లూసీకి నెలలు నిండే కథ కూడా ఇందులోనే. అప్పట్లో టీవీలో 'ప్రెగ్నెంట్' అనే మాట వాడనివ్వలేదట, 'ఎక్స్‌పెక్టింగ్' అని సర్దుకున్నారు. మా అమ్మాయికి ఇది వింతగా తోచింది, నాకు తోచలేదు. "ఏమైనా విశేషమా?" అని తప్ప ఇంకోలా అడగని ఇంట్లో పెరిగాను.

ఆ కడుపుతో ఉన్న రోజుల్లోనే, పుట్టబోయే బిడ్డకి మంచి ఇంగ్లీషు రావాలని లూసీ ఇంటికి ఒక మాస్టార్ని పిలిపిస్తుంది. 1952 డిసెంబరు 29న వచ్చిన ఎపిసోడ్. రికీ పిల్లల పుస్తకం చదువుతుంటాడు. ఓ-యు-జి-హెచ్ అని ఒకేలా రాసే మాటలు 'రఫ్' అట, 'త్రూ' అట, 'కాఫ్' అట. పాపం ఒక్కటీ సరిగ్గా పలకలేక, ప్రతిసారీ లూసీ చేత తప్పనిపించుకుని, చివరికి పుస్తకం మీదే విసుక్కుంటాడు. నేను నవ్వలేదు. అంతకు నెల ముందు డ్రైవ్‌త్రూలో నేను రెండుసార్లు "యెగ్ శాండ్‌విచ్" అన్నాను. స్పీకర్లోంచి ఆ పిల్ల రెండుసార్లూ "సారీ?" అంది, మర్యాదగానే. మూడోసారి మా అమ్మాయి పక్క సీట్లోంచి నా మీదుగా వంగి, కిటికీలోంచి తనే చెప్పేసింది. తర్వాత ఇంటికి వచ్చేదాకా ఫోన్లోంచి తలెత్తలేదు. 'య' లేకుండా 'ఎగ్' అనడం ఆ రాత్రి బాత్‌రూమ్ అద్దం ముందు ప్రాక్టీసు చేశానని ఇక్కడ రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఎపిసోడ్ చివర్లో ఆ మాస్టారే రికీ యాసలో మాట్లాడటం మొదలుపెడతాడు! మా అమ్మాయి పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి ఆగి నా వంక చూసింది. "ఇంట్లో నన్నెంత వెక్కిరించినా సరే, డ్రైవ్‌త్రూలో మాత్రం నా ఆర్డర్ నన్నే చెప్పనీ" అన్నాను. "ఓకే" అంది. ఆ మర్నాడే నా 'వోన్లీ'ని అచ్చు నాలాగే అనుకరించింది. బాగా చేస్తుంది, దొంగపిల్ల.

నాకు గుచ్చుకున్నది వేరే. రికీకి కోపం వస్తే ఇంగ్లీషు జారిపోతుంది. కళ్లు పెద్దవి చేసి, చేతులు తిప్పుతూ గుక్క తిప్పుకోకుండా స్పానిష్‌లో దులిపేస్తాడు. ఏమంటున్నాడో కింద రాయరు, అక్కర్లేదు కూడా. మొదటిసారి అలా అరవగానే చిన్నోడు సోఫా మీంచి లేచి "అమ్మా, నువ్వే!" అన్నాడు. అందరం నవ్వాం. పడుకున్నాక నిద్ర పట్టలేదు. పొద్దున్నుంచి పిల్లలతో తెలుగులో ఏం మాట్లాడానో లెక్క వేసుకున్నాను. లే, లేటవుతోంది. ఎన్నిసార్లు చెప్పాలి? ఫోన్ పక్కన పెట్టు. ముందు తిను. చాల్లే. మెచ్చుకున్నదేమో "గుడ్ జాబ్", ముద్దు చేసింది "లవ్ యూ". ఆదివారం తెలుగు బడిలో అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ నేర్పిస్తున్నాం. ఇంట్లో వాళ్లకు తెలిసిన తెలుగంతా నా విసుగే. మా ఆయనకి చెబితే "నేను 'అన్నం తిన్నావా' అని అడుగుతాగా" అన్నాడు. అదీ విచారణే కదా.

మూడో సీజన్ కూడా తెప్పించాం. ఒక డిస్కు గీతలు పడి ఎక్కడికక్కడ ఆగుతోంది. అదృష్టవశాత్తు, రికీ కొడుకుని పడుకోబెట్టే ఎపిసోడ్ ఉన్న డిస్కు బాగానే ఆడింది. ఎర్ర టోపీ పిల్లా, తోడేలు కథ చెబుతాడు. సగం స్పానిష్, సగం ఇంగ్లీషు, మిగతాది కళ్లతో, గొంతుతో. అరిచినప్పుడు వచ్చిన స్పానిషే, ఇక్కడ ఎంత మెత్తగా ఉందో. మా ఇద్దరు పిల్లలూ కదలకుండా చూశారు.

ఆ రాత్రి చిన్నోడి పక్కన పడుకుని ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. రాజుగారికి ఏడుగురు కొడుకులు, వేటకెళ్లారు, ఏడు చేపలు తెచ్చారు. గడ్డిమేటు దగ్గర బండి ఆగింది. "పొలాల్లో హే బేల్స్ చూస్తావే, అలాంటిదే, ఇంకా పెద్దది" అన్నాను. ఆవు, గొల్లవాడు, అవ్వ దాటుకుని చీమ దాకా వచ్చేసరికి వాడి కళ్లు మూతలు పడుతున్నాయి. "ఫైర్ యాంటా?" అన్నాడు. మామూలు చీమేరా అన్నాను. నాలుగు రాత్రులు అదే కథ అడిగాడు. నాలుగో రాత్రి "చేపా చేపా" దగ్గర నేను ఆగితే "ఎందుకు ఎండలేదు?" అని వాడే అందుకున్నాడు.

వారం తర్వాత వంటింట్లో ఉన్నాను. హాల్లో గొడవ మొదలైంది. వాడి లెగో డబ్బాలోంచి అక్క ఏదో ముక్క తీసిందట, వేలు కొరికేశాడు. అది కెవ్వుమంది. నేను వెళ్లేసరికి డబ్బాని రెండు చేతులా వాటేసుకుని, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటున్నాడు. ఆ 'ట్ట' అచ్చం అమెరికా 'ట్ట'. మా అమ్మాయి వేలు ఊదుకుంటూనే వాణ్ని వెక్కిరించింది. తిట్టాల్సినదాన్ని, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ వంటింట్లోకి వచ్చేశాను.